రెల్లులంకకు నీళ్ళు తెచ్చిన నోరు

రెల్లులంకలో మంచివాళ్ళకు కొదవ లేదు. పొద్దున్నే ఫోన్లలో సూక్తులు పంపేవాళ్ళున్నారు, పండగలకు పులిహోర పంచేవాళ్ళున్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనని పెద్దమనుషులున్నారు. వాళ్ళెవరివల్లా ఆ ఊరికి రోడ్డూ రాలేదు, బస్సూ రాలేదు. ఆ రెండూ ఝాన్సీలక్ష్మి పోట్లాడితే వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు ఆ సంగతి ఒప్పుకుంటారు గానీ, ఒప్పుకునే ముందు ఒకసారి చుట్టూ చూసుకుంటారు.

ఆమె ఆ ఊరి ఆడపడుచు కాదు, గుడివాడ పిల్ల. తండ్రి రైసుమిల్లులో గుమస్తా. ఇంటరు దాకా చదివి, కుళాయి తిప్పితే మంచినీళ్ళొచ్చే ఇంట్లో పెరిగింది. దివిసీమలో నాగాయలంక కూడా దాటి, కాలువ చివర ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన రోజు, కాళ్ళు కడుక్కోమని అత్తగారు అందించిన చెంబెత్తి దాహంతో గుక్కెడు తాగేసింది. ఉప్పు కషాయం! పెళ్ళివాళ్ళంతా నవ్వారు.

"అవి బోరునీళ్ళమ్మా, తాగడానికి చెరువు నీళ్ళున్నాయి," అంది అత్తగారు.

"చెరువు ఎండిపోతే?"

పెళ్ళికూతురు అంత గట్టిగా ప్రశ్నలు వేయకూడదని అక్కడున్న పెద్దమనుషుల్లో ఒకాయన సెలవిచ్చాడు. ఆయన మాట ఆమె వినలేదు, ఆ తర్వాత కూడా ఎవరి మాటా విన్న దాఖలాలు లేవు.

ఆమె పోట్లాటలో తిట్లుండవు. ప్రశ్నలుంటాయి. ఒకదానికి జవాబు వెతుక్కునేలోగా ఇంకోటి వచ్చి పడుతుంది. ఊళ్ళో పాలకేంద్రం నడుపుతుంది కాబట్టి గొంతుకు ఉదయం సాయంత్రం సాధన కూడా ఉంటుంది. బస్సు కోసమైతే బందరు డిపోకు పాలక్యాన్లతో సహా వెళ్ళి, మేనేజరు గది ముందు బైఠాయించింది. "మా ఊరికి బస్సుంటే ఈ పాలు ఈపాటికి డెయిరీలో ఉండేవా కాదా?" అని వచ్చేపోయే ప్రతి ఉద్యోగినీ అడిగింది. ఎండ ముదిరి పాలు విరిగి, ఆ కంపు వరండాలన్నీ తిరిగాక మేనేజరు బయటికొచ్చి సంతకం పెట్టాడు. భర్త బాబ్జీ మాత్రం మెతక మనిషి. ఆయనతో పోట్లాట దిండును గుద్దినట్టుంటుందని ఆమె ఫిర్యాదు. అయినా ఆయన్ని దులిపేసేటప్పుడు సైతం ‘అండీ’ తగిలించడం మానదు.

ఇంతటి మనిషి, కరోనా వచ్చిన కొత్తలో, ఊరిని కాపాడబోయి ఊరి నోట్లో ఉప్పునీళ్ళు పోయబోయింది.

అది రెండువేల ఇరవై మార్చి ఆఖరు. బెజవాడలో కేసు బయటపడిందని టీవీలో చెప్పినప్పటి నుంచి రెల్లులంక తయారీల్లో మునిగిపోయింది. గడపగడపకీ పసుపునీళ్ళు, వేపమండలు. పళ్ళాలు మోగించమన్నారు, మోగించారు. ఒకాయన నిమ్మరసం ముక్కులో వేసుకుని రోజంతా ఏడ్చాడు. తర్వాత లారీలు రావనీ, ఉప్పు దొరకదనీ పుకారు లేచింది. సముద్రం పక్కన, చవిటినేల మీద, ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళు పడే ఊరు ఎగబడి ఉప్పు కొని మంచాల కింద దాచుకుంది. ఝాన్సీలక్ష్మి కూడా ఒక బస్తా కొంది. ఆ ప్రస్తావన ఇప్పటికీ తేనివ్వదు.

దేశమంతా లాక్‌డౌన్ అన్న మర్నాడే ఊరి మొగలో కంచె లేచింది. అడ్డంగా తాటిమొద్దులు, వాటి మీద తుమ్మకంప, పక్కన బ్లీచింగ్ కలిపిన నీళ్ళ డ్రమ్ము. సేనాని ఎవరో వేరే చెప్పాలా? కుర్చీ వేసుకుని కూర్చుని, మూతికి పాత చీరముక్క కట్టుకుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టు వెనక్కి పంపింది. కూరగాయల ఆటో వెళ్ళిపోయింది. వడ్డీవ్యాపారి వెళ్ళిపోయాడు, అందుకు ఊరు లోలోపల సంతోషించింది. ఆ వరుసలోనే మోపెడ్ మీద లస్కరు ప్రసాద్ వచ్చాడు.

లస్కరంటే కాలువ తూములు ఎత్తీ దించే మనిషి. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి దిగే నీళ్ళు ఏ ఊరికి ఎంతసేపు వెళ్ళాలో పైనున్న అధికారులు రాస్తారు గానీ, షట్టరు తిప్పే ఇనప హ్యాండిల్ మాత్రం ఇతని మోపెడ్‌కే కట్టి ఉంటుంది. ఏటా వేసవిలో కాలువ కట్టేసే ముందు, ఆఖరి తడిగా తాగునీటి చెరువులు నింపుతారు. మళ్ళీ వానలు పడి కాలువ వదిలేదాకా ఊళ్ళకు ఆ చెరువే దిక్కు.

"ఎక్కడి నుంచి?" అంది ఝాన్సీలక్ష్మి.

"ఇంటి దగ్గర్నుంచేనండీ."

"అంతకు ముందు?"

"అంతకు ముందంటే... బెజవాడలో మా తోడల్లుడింట్లో ఫంక్షనైతే వెళ్ళొచ్చా. అప్పటికింకా ఇదంతా లేదు కదండీ." అంటూనే కంచె దగ్గర లేచిన దుమ్ముకు దగ్గాడు.

ఆ దగ్గు కంచె ఇవతలున్న పదిమందినీ పది దిక్కులకు చెదరగొట్టింది. ఎవరో మగ్గు నిండా బ్లీచింగ్ నీళ్ళు ముంచి మోపెడ్ చక్రాల మీద, పనిలో పనిగా అతని కాళ్ళ మీద పోశారు.

"నేనేం పని మీద వచ్చానో అడగరేంటండీ?"

"పనులు తర్వాత. ముందు ప్రాణాలు. వెళ్ళు, వెళ్ళు!"

కనబడ్డవాణ్ణల్లా ప్రశ్నలతో నిలువునా ఉతికేసే మనిషి, అడగమని చెప్పించుకుని కూడా ఆ ఒక్క ప్రశ్న వేయలేదు. ప్రసాద్ తన చెప్పుల వంక చూసుకుని, మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారాంతంలో పూర్ణిమ కంగారుగా పాలకేంద్రానికి వచ్చింది. ఊరి వలంటీరు ఆ అమ్మాయి. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకుంటోంది.

"అత్తా, రేపు సాయంత్రం కాలువ కట్టేస్తారంట. మండలంలో అన్ని చెరువులూ నింపారంట. మనది తప్ప."

"మనదెందుకు నింపలేదు? ఆ ప్రసాద్ ఏం చేస్తున్నాడు? నిద్రపోతున్నాడా?"

పూర్ణిమ మాస్కు పైకి లాక్కుంది. "ప్రసాద్ గారు వచ్చారు కదత్తా. మీరే పంపించేశారు."

పాలు పోయించుకుంటున్న ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఝాన్సీలక్ష్మి చేతిలో కొలత పాత్ర కింద పెట్టి, తిన్నగా చెరువు గట్టెక్కింది. మెట్లు సగానికి పైగా బయటపడి ఉన్నాయి. అడుగున నీళ్ళు పచ్చగా, నాచుతో. ఆ నీళ్ళు ఎండలు ముదిరేదాకా కూడా రావు. మామూలు ఏడాదైతే ట్యాంకర్లకు డబ్బు పోసి ఏడవచ్చు. ఈ ఏడు రోడ్లన్నీ మూత. రేపు సాయంత్రంలోగా చెరువు నిండకపోతే, చంటిపిల్లలతో సహా ఊరంతా బోరునీళ్ళు తాగాలి. అదీ ఆమె చలవవల్ల.

ప్రసాద్‌కు ఫోన్ చేసింది. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు, ఆ తర్వాత ప్రభుత్వం వారి జాగ్రత్తలు. అవన్నీ విన్నాక గానీ గంట మోగలేదు.

"మీ ఊళ్ళోకి రావద్దన్నారు కదండీ. నేను రానండీ," అన్నాడు ప్రసాద్. పెట్టేశాడు. మళ్ళీ చేస్తే దగ్గు మాత్రమే వినిపించింది.

మర్నాడు తెల్లారుతూనే ఆమె బాబ్జీని లేపింది. "ఏవండీ, మీ దోనె తీయండి."

బాబ్జీకి ఒక తాటిదోనె ఉంది. తాటిమొదలు తొలిచి చేసినది. కొర్రమీనులు పడతానని దాన్లో బయల్దేరి, కాలువలో కునుకు తీసి వస్తాడని ఆమె అభియోగం.

"ఎక్కడికి?"

"వేములదిబ్బ. ప్రసాద్ ఇంటికి."

"మన కంచె, వాళ్ళ కంచె, మధ్యలో పోలీసులూ..."

"అవన్నీ రోడ్డు మీదండీ. కాలువ మీద ఎవరన్నా కంప కొట్టారా?"

నిజమే, ఎవరూ కొట్టలేదు. మనుషులు రోడ్ల మీదే వస్తారని ఊళ్ళన్నీ నమ్మాయి. ఊరి పంటకాలువ తిన్నగా వేములదిబ్బ తూము దగ్గర పెద్దకాలువలో కలుస్తుంది. తూము మూసి ఉండటంతో దాన్లో మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. బాబ్జీ గెడ వేస్తుంటే ఝాన్సీలక్ష్మి ముందు కూర్చుని తూటికాడలు పక్కకి నెట్టింది. నీళ్ళు చాలని చోట ఇద్దరూ దిగి, బురదలో దోనె లాగారు. దారిలో గోవర్ధనరావు చేపల చెరువులు వచ్చాయి. గట్టు మీద డీజిలు ఇంజన్లు, వాటి గొట్టాలు కాలువలోకి వేలాడుతూ. తాగడానికి ఏమీ లేక అవి కూడా ఊరుకున్నాయి.

ప్రసాద్ ఇంటి పెరడు పెద్దకాలువ గట్టుకు ఆనుకుని ఉంటుంది. తూము గట్టు మీదికి ఎక్కి చూస్తే, అతను రేవు మెట్ల మీద కూర్చుని బ్రష్ చేసుకుంటున్నాడు. ఆమెను చూసి నురుగు నోటితోనే లేచాడు.

"అక్కడే ఆగండి! మా ఊళ్ళోకి బయటివాళ్ళు రాకూడదు. రూలు."

"తూము గట్టు మీ ఊరిదా, గవర్నమెంటుదా?"

"గవర్నమెంటుదే."

"నువ్వు?"

"నేనూ గవర్నమెంటే."

"మరి గవర్నమెంటు మా చెరువు నింపమందా లేదా?"

"అంది. అందనే వచ్చా. మీరు నా చెప్పుల మీద బ్లీచింగ్ పోయించారు. కొత్త చెప్పులండీ! ఎలా అయ్యాయో చూడండి." వాటిని తెచ్చి మరీ చూపించాడు. నల్లటి తోలు మీద తెల్లటి మచ్చలు. "కుక్కను తరిమినట్టు తరిమారు. బావగారూ, మీరైనా చెప్పండి, అది పద్ధతేనా?"

బాబ్జీ దోనెలోంచి తలూపాడు. ఏ వైపుకు ఊపాడో ఎవరికీ అర్థం కాలేదు.

ఇలాంటి చోట కథల్లోని మనిషైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని క్షమించమంటుంది. ఝాన్సీలక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తరిమాను. కాదన్నానా? నేనొకటడుగుతా చెప్పు. మా షట్టరు ఇంకో జానెడు ఎత్తమని ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా?"

"చాలా ఏళ్ళ నుంచి."

"ఎత్తావా?"

"...లేదు."

"కాలువలో గుర్రపుడెక్క తీయించమన్నా. తీయించావా? రాత్రిపూట నీళ్ళిస్తే చాలవు, పగలివ్వమన్నా. ఇచ్చావా? ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటంటే ఒక్కటి వినని మనిషివి, వెళ్ళిపొమ్మంటే మాత్రం అంత బుద్ధిగా ఎలా వెళ్ళిపోయావయ్యా?"

ప్రసాద్ నోరు తెరిచాడు. బ్రష్ చేతిలోనే ఉంది, నురుగు గడ్డం మీదికి కారుతోంది. ముందు బాబ్జీ కిసుక్కుమన్నాడు. ప్రసాద్ కాసేపు బిగబట్టుకున్నాడు గానీ, వల్లకాలేదు.

"మీతో పెట్టుకోకూడదండీ బాబూ," అని మొహం కడుక్కుని, హ్యాండిల్ భుజాన వేసుకుని వచ్చాడు.

షట్టరు తిప్పుతుంటే కిర్రుమంది. అడుగు నుంచి నీళ్ళు బుస్సుమని పంటకాలువలోకి దూకాయి, చెత్తనూ తూటినీ ముందుకు నెట్టుకుంటూ.

"ఇంకో జానెడు," అంది ఆమె.

ప్రసాద్ ఆమె వంక చూసి, ఇంకో జానెడు తిప్పాడు.

చెరువు దగ్గరి షట్టరు కూడా అదే హ్యాండిల్‌తో తిప్పాలి కాబట్టి అతనూ దోనె ఎక్కాల్సి వచ్చింది. ముందు చివర ఆమె, వెనక చివర అతను, ఎడం పాటించడానికి మధ్యలో బాబ్జీ. వెళ్ళేటప్పుడు బురదలో లాగిన దోనె, వచ్చేటప్పుడు నీళ్ళ మీద పరుగెత్తింది. అయితే చేపల చెరువుల మలుపు తిరిగేసరికి ఆ పరుగు ఆగిపోయింది. ముందున్న నీళ్ళు పలచబడ్డాయి. గట్టు మీద ఇంజన్లు అన్నీ ఒకేసారి మోగుతున్నాయి. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే గొట్టాల్లోంచి చేపల చెరువుల్లోకి పడుతున్నాయి.

గోవర్ధనరావు గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. డాక్టర్లు పెట్టుకునే రకం మాస్కు, చేతికి తొడుగులు. మనిషి మర్యాదస్తుడు, మాట తేనె.

"ఏమ్మా ఝాన్సీలక్ష్మీ, ఇలాంటి సమయంలో బయట తిరగొచ్చా? దేశమంతా కష్టంలో ఉంది. మనమంతా ఒకరికొకరం సర్దుకుపోవాలి."

"సర్దుకోమని మీ చేపలకు చెప్పారా, గోవర్ధనరావు గారూ?"

"మూగజీవాలమ్మా, అవి."

"మా ఊళ్ళో చంటిపిల్లలకు మాటలొచ్చా? ఇది తాగే నీరని కాగితం ఉందా లేదా, ప్రసాదూ?"

"ఉందండీ," అన్నాడు ప్రసాద్ వెనక నుంచి.

"ఉంటే ఆఫీసు తెరిచాక చూద్దాం. ఆఫీసులు ఎప్పుడు తెరుస్తారో మరి, దేవుడికే తెలియాలి," అని గోవర్ధనరావు చేతులు జోడించాడు. ఇంజన్ల దగ్గర నలుగురు పనివాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. వాళ్ళను దాటి ఇంజను ఆపడం ఆడమనిషి వల్ల, దిండు లాంటి భర్త వల్ల, ఒంటి లస్కరు వల్ల అయ్యే పని కాదు. ప్రశ్నలకు కూడా ఒక హద్దుంటుంది. అవి పనిచేయాలంటే అవతలివాడికి కాస్త సిగ్గుండాలి.

ఝాన్సీలక్ష్మి దోనె దిగింది. గట్టెక్కింది. మూతికున్న చీరముక్క కిందికి లాగి, దగ్గింది.

చిన్న దగ్గు కాదది. పొగాకు కాల్చే బేరన్ గదిలో ఇరుక్కున్న మనిషి దగ్గినట్టు, పొట్ట లోపలి నుంచి లాగి, గుండె పట్టుకుని, వంగిపోయి దగ్గింది. నవ్వుతున్న నలుగురూ నవ్వాపేశారు.

"ఏంటమ్మా అది?" గోవర్ధనరావు కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమోనండీ. పొద్దున్నుంచీ ఇలాగే ఉంది. బెజవాడ వెళ్ళొచ్చిన మనిషితో ఒకే దోనెలో వచ్చా, అదిగో." అని ప్రసాద్‌ను చూపించింది. "మీ దగ్గర సర్దుకుని కాసేపు కూర్చుంటా. గొడుగు కిందికి రమ్మంటారా?"

"నాకేం లేదండీ! నేను..." అని మొదలుపెట్టిన ప్రసాద్‌కు మధ్యలో వెలిగింది. మాట మింగేసి, అతనూ దగ్గాడు. అవమానం దిగమింగిన మనిషి దగ్గు, దాన్లో దమ్ముంది.

పనివాళ్ళు బళ్ళు స్టార్ట్ చేసిన చప్పుడు ఇంజన్ల మోతను మించిపోయింది. గోవర్ధనరావు గొడుగు వదిలేసి, తొడుగుల చేతులతో కారు తలుపు లాక్కుని, అద్దాలు బిగించుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు మీద దుమ్ము సద్దుమణిగాక బాబ్జీ కూడా, తన వంతు బాకీ ఉండకూడదన్నట్టు, దోనెలోంచి ఒకసారి దగ్గాడు.

"ఇప్పుడెందుకండీ!" అంది ఆమె.

పుస్తకాల్లో పెట్టి పిల్లలకు నేర్పదగ్గ పని కాదది. మనుషులు దగ్గుకు చచ్చిపోతున్న కాలంలో దగ్గు చూపించి బెదిరించడం తప్పేనని తర్వాత ఊళ్ళో పెద్దమనుషులు కొందరన్నారు. చెరువు నీళ్ళతో కాచిన టీ తాగుతూ అన్నారు.

ప్రసాద్ ఇంజన్లు ఒక్కొక్కటే ఆపాడు. గొట్టాలు గట్టు మీదికి లాగేశాడు. ఆఖరి ఇంజను ఆగాక కాలువ చప్పుడు వినిపించింది. నీళ్ళు మలుపు తిరిగి, తమ దారిన తాము సాగిపోయాయి. దోనెకు గెడ అక్కర్లేకపోయింది.

రెల్లులంక చెరువు గట్టు మీద ఊరంతా ఉంది. కాలువలో నీళ్ళు ముందే చేరి కబురు చెప్పేశాయి. దూరం దూరంగా నిలబడమని పూర్ణిమ అరుస్తోంది, ఎవరూ వినడం లేదు. ప్రసాద్ చెరువు షట్టరు ఎత్తగానే ఎర్రటి కృష్ణ నీళ్ళు నురుగుతో లోపలికి దూకాయి. పచ్చని నాచు చెదిరిపోయింది. కింది మెట్టు మునిగింది. దాని మీది మెట్టు మునిగింది. ఒక ముసలావిడ మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి నాలిక మీద వేసుకుని, "తియ్యగా ఉన్నాయర్రా!" అని కేకేసింది.

మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలింది. పైనుంచి ప్రసాద్‌కు ఫోన్ వచ్చింది, కాలువ కట్టేసే వేళయిందని. చెరువులో ఇంకా పై రెండు మెట్లు తేలి ఉన్నాయి. అతను ఫోన్ జేబులో పెట్టుకుని ఝాన్సీలక్ష్మి వంక చూశాడు.

జనమంతా ఆమె వంక చూశారు. ఇంతసేపూ ఆమె ఏమీ అనలేదని అప్పుడే తట్టింది వాళ్ళకు. ఆమె గట్టు మీద నిటారుగా నిలబడి, ఊపిరి పీల్చుకుని, నోరు తెరిచింది. మాట రాలేదు. గరగరమని ఏదో గాలి వచ్చిందంతే. పొద్దున్నుంచీ అరిచిన అరుపులకూ, దగ్గిన ఆ దొంగ దగ్గుకూ గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

గొంతు నొప్పి! జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. పూర్ణిమ ఎంత అరిచినా కుదరని ఎడం క్షణంలో కుదిరింది. ఖాళీ అయిన గట్టు మీద ఝాన్సీలక్ష్మి ఒక్కతే నిలబడి, భుజాలు అదిరేలా, చప్పుడు లేకుండా నవ్వింది. కళ్ళు తుడుచుకుని ప్రసాద్ వైపు తిరిగి, చెయ్యి చాచి, బొటనవేలూ చిటికెనవేలూ ఎడంగా చాపి చూపించింది.

ఇంకో జానెడు.

"అలాగేనండీ," అని ప్రసాద్ హ్యాండిల్ పట్టుకున్నాడు. పై రెండు మెట్లూ మునిగేదాకా ఫోన్ మోగుతూనే ఉంది, అతను తీయలేదు.